సగం కట్టిన లాన్సెయిర్ 4-పి కిట్టు: అన్న కొందామంటున్నాడు, మీరేమంటారు?

కావలి_సతీష్
మా అన్న ఒరెగాన్‌లో ఉంటాడు, ఆడి సిటిజనే. ప్రైవేట్ పైలట్ లైసెన్సు ఉండాది. ఇప్పటిదాకా నడిపింది సెస్నా 172 అనే చిన్న విమానం ఒక్కటే. వాళ్ల పక్క ఊళ్లో ఒక పెద్దాయన దగ్గర సగం కట్టిన లాన్సెయిర్ 4-పి విమానం కిట్టు ఉండాది, అంటే భాగాలు కొని మనమే కట్టుకునేది. ఆయనకి చూపు తగ్గి, ఇంక నా వల్ల కాదని అమ్మేస్తుండాడు. బాడీ పై సగం, కింద సగం అతికించేశాడు. రెక్కలు మూసేశాడు. ఇంజను లేదు, వైరింగు లేదు, కిటికీలు బిగించలేదు.

నాది కావలి దగ్గర ఇంజనీరింగ్ షెడ్డు. రొయ్యల గుంటల ఏరేటర్లకి షాఫ్టులు, గేర్‌బాక్సులు చేస్తాం. నా ఆలోచనేందంటే, మొత్తం కంటెయినర్లో చెన్నైకి తెప్పించి ఈడే పూర్తి చెయ్యాలని. చోటుంది, మిషన్లున్నాయి, పనోళ్లుండారు. అన్నేమో "ఆడొద్దు, ఈడే కడదాం, నువ్వే రా" అంటాడు. ఎవురికి చెప్పినా ముందు నవ్వుతుండారు, తర్వాత ఆ డబ్బు ప్లాట్ల మీద పెట్టమంటుండారు. ఈ విమానం సంగతి తెలిసినోళ్లు చెప్పండి. లోపల గాలి ఒత్తిడి పెంచే క్యాబిను ఇంటికాడ కట్టగలిగిందేనా?

బుచ్చి_బాబు
సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు దొరకలేదని ఏకంగా విమానమే కడుతుండావా అన్నా! నాకో సీటు రాసిపెట్టు.

ఒరెగాన్_ఒంగోలు
సతీష్, ఇంటికాడ కట్టగలిగిందే. వందల మంది కట్టారు. నాది ఒంగోలు, ఇక్కడ నేను కట్టుకున్న ఆర్‌వీ-7 అనే కిట్టు విమానం నడుపుతున్నా, కాబట్టి తెలిసింది చెప్తా.

లాన్స్ నైబావర్ అనే ఆయన గ్రాఫిక్ డిజైనర్‌గా బతుకుతూ 1980లలో సొంత విమానం గీసుకున్నాడు. ఆ వరసలో 1990ల మొదట్లో వచ్చింది నాలుగు సీట్ల లాన్సెయిర్ 4. 'పి' అంటే ప్రెషరైజ్డ్ మోడలు. కార్బన్ ఫైబర్ ప్రీప్రెగ్ (ముందే రెజిను పట్టించిన బట్ట) తొడుగులు, మధ్యలో తేనెపట్టు గదుల్లాంటి తేలిక పొర. ముందు కాంటినెంటల్ టీఎస్‌ఐఓ-550 ఇంజను, దానికి గాలి నొక్కి పంపే రెండు టర్బోలు, 350 హార్స్‌పవర్. 24,000 అడుగుల్లో గంటకి 330 మైళ్ల దాకా పోతుంది, అంటే 530 కిలోమీటర్లు. పిస్టన్ ఇంజనుతో నలుగురిని ఆ వేగంతో తీసుకుపోయేది వేరే ఏదీ నాకు గుర్తు రావడం లేదు. కంపెనీ చేతులు మారి 2017లో టెక్సాస్‌లోని యువాల్డీకి పోయింది. 4-పి కొత్త కిట్లు ఇప్పుడు రావు. అందుకే ఇలాంటి సగం కట్టినవి కనపడగానే జనం ఎగబడతారు.

అన్న చెప్పిందే రైటు. అక్కడే కట్టండి. మిగతాది తర్వాత రాస్తా, డ్యూటీకి టైమైంది.

ఉలవపాడు_తోట
ఒక మాట అడుగుతా, కోపం వద్దు. దీనికయ్యే డబ్బుతో మా వైపు పది ఎకరాల మామిడి తోట వస్తుంది. తోట ఏటా కాపు కాస్తుంది. ఇది ఏటా తింటది. ఇంట్లో ఆడోళ్లు ఒప్పుకున్నారా?

కావలి_సతీష్
@ఉలవపాడు_తోట, మా వదినే అన్నని తోస్తుండాది అన్నా. ఆమె ఏరోనాటిక్స్ చదివింది.

మైపాడు_స్టూడెంట్
ఏరోనాటికల్ రెండో సంవత్సరం చదువుతున్నా. క్యాబిన్ డిఫరెన్షియల్, అంటే లోపలికీ బయటికీ గాలి ఒత్తిడి తేడా, 5 పీఎస్ఐ అని చదివా. కారు టైర్లో 32 ఉంటుంది కదా. 5 అంటే అంత భయపడాల్సిందా?

రన్‌వే_09
ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరుగా చేసి రిటైరై ఒంగోల్లో ఉంటన్నా. బాబూ, ఒత్తిడి అంకె చూడమాక, ఆ ఒత్తిడి ఎంత వైశాల్యం మీద పడతదో చూడు.

5 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకి 0.35 కిలో. 30 సెంటీమీటర్లు, 40 సెంటీమీటర్ల కిటికీ అనుకో. 1,200 చదరపు సెంటీమీటర్లు. అంటే ఆ అద్దాన్ని 420 కిలోలు బయటికి తోస్తన్నట్టు. తలుపు 80కి 75 అనుకో, రెండు టన్నుల పైన. ఎగిరిన ప్రతిసారీ ఆ బరువు ఎక్కుద్ది, దిగినప్పుడల్లా దిగిపోద్ది. ఇట్టా వేలసార్లు. ఏడన్నా జిగురు సరిగ్గా పట్టలేదనుకో, మొదటి రోజు తెలవదు. అదీ భయం.

సతీషూ, నువ్వు అడగాల్సింది "కట్టగలనా" అని కాదు. "ముందాయన అతికించింది ఎట్టా అతికించాడు" అని. మూసేసిన రెక్క లోపల నువ్వేం చూడగలవు?

జువ్వలదిన్నె_ఫైబర్
పైన సార్ చెప్పింది నూటికి నూరు కరెక్టు. మేము ఫైబర్ పడవలు పోస్తాం. పడవలో వాడేది గాజు మ్యాటు, పాలిస్టరు రెజిను. విమానంలో కార్బను, ఎపాక్సీ. సరుకు వేరే అయినా, పాడయ్యే తీరు ఒకటే. అతికించే ముందు గీకుడు సరిగ్గా లేకపోయినా, చెమట చెయ్యి తగిలినా, గాల్లో తేమ జాస్తి ఉన్నా, పైకి నున్నగా కనపడతాది, లోపల పట్టు ఉండదు. మా దగ్గర అక్టోబరు, నవంబరు వానల్లో పని ఆపేస్తాం. ఎపాక్సీకి తేమ తగిలితే పైన జిడ్డు తేలతాది, దాన్ని నీళ్లతో కడక్కుండా, గీక్కుండా రెండో పొర వేస్తే ఊడొస్తాది.

నీ షెడ్డు రేకుల షెడ్డా? ఏసీ ఉందా, తేమ లాగే మిషను ఉందా? లేకపోతే కావలిలో ఆ పని వద్దు.

కావలి_సతీష్
రేకులే. ఏసీ ఆఫీసు రూములో ఉంది, షెడ్డుకి లేదు.

జువ్వలదిన్నె_ఫైబర్
అయితే విమానాన్ని ఆఫీసు రూములో పెట్టి నువ్వు షెడ్డులో కూర్చో.

మైపాడు_స్టూడెంట్
ఎండ సంగతి కూడా ఉంది కదా. మా సార్ చెప్పారు, మామూలు వేడికి గట్టిపడే ఎపాక్సీలు 80 డిగ్రీల చుట్టుపక్కల మెత్తబడటం మొదలవుతాయని. అందుకే కాంపోజిట్ విమానాలకి తెల్ల రంగు వేస్తారంట.

రన్‌వే_09
అవును. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండకి ముదురు రంగు రేకు మీద చెయ్యి పెట్టలేం. విమానానికి ఎర్ర గీతలు, నల్ల గీతలు అందం కోసం వేసుకుంటారు, ఆ గీత కిందే వేడెక్కుద్ది. ఇంకోటి, కార్బనుకి అల్యూమినియం నేరుగా తగిలితే, ఉప్పు గాలిలో అల్యూమినియాన్ని తినేస్తది. మధ్యలో గాజు పొర ఒకటి వేస్తారు. మనది సముద్రం ఒడ్డు. ఈ చిన్న పని మర్చిపోతే ఐదేళ్లకి బ్రాకెట్ చేతికొస్తది.

దర్శి_డాక్టరమ్మ
అందరూ బాడీ గురించే మాట్లాడుతున్నారు. లోపల కూర్చునే మనిషి గురించి చెప్తాను.

24,000 అడుగుల్లో ఎగురుతున్నప్పుడు 5 పీఎస్ఐ తేడాతో క్యాబిను లోపల 8,000 నుంచి 9,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది, అంటే ఊటీ కన్నా కాస్త పైన. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఇబ్బంది ఉండదు. కానీ సీలు పోయిందనుకోండి. 25,000 అడుగుల దగ్గర సొంతంగా ఆలోచించి చెయ్యగలిగే సమయం మూడు నుంచి ఐదు నిమిషాలు. ఒత్తిడి ఒక్కసారిగా పోతే అందులో సగమే అనుకోవాలి. పెద్ద ప్రమాదం ఏమిటంటే, ఆక్సిజన్ తగ్గుతున్నప్పుడు చాలామందికి ఊపిరాడనట్టు ఉండదు. హాయిగా, ధైర్యంగా అనిపిస్తుంది. అంతా బాగుందనుకుంటూనే స్పృహ పోతుంది. 2005లో గ్రీసులో హీలియోస్ ప్యాసింజరు విమానం అలాగే పోయింది. ప్రెషరైజేషన్ స్విచ్ మాన్యువల్‌లో ఉండిపోయింది, పైలట్లు గుర్తించేలోపే స్పృహ తప్పారు. 121 మంది చనిపోయారు.

కొవిడ్ అప్పుడు ఇంటింటికీ వచ్చిన ఆక్సీమీటర్ ఉంది చూశారా, అది వేలికి పెట్టుకుని ఎగరమనండి మీ అన్నని. క్యాబిన్ ఎత్తు 10,000 దాటగానే పెద్దగా మోగే అలారం, చేతికందే చోట మాస్కు. ఈ రెండింటికీ డబ్బు చాల్లేదంటే విమానం మానెయ్యండి.

బుచ్చి_బాబు
డాక్టరమ్మా, నా సీటు క్యాన్సిల్.

పెన్నా_పైలట్
కమర్షియల్ పైలట్‌ని, ఊరు నెల్లూరు. క్యాబిను కన్నా ముందు మీ అన్న అనుభవం నన్ను కలవరపెడుతోంది.

4-పి పూర్తి బరువు 3,550 పౌండ్లు, రెక్క వైశాల్యం 98 చదరపు అడుగులు. రెక్క మీద చదరపు మీటరుకి 177 కిలోల బరువు దాకా లెక్క తేలుతుంది. సెస్నా 172కి అదే లెక్క 71. రెండున్నర రెట్లు! అంటే సెస్నాలో తప్పు చేస్తే విమానం ముక్కు వంచి మెల్లగా చెప్తుంది. ఇది చెప్పదు. దిగే ముందు మలుపులో వేగం తగ్గి రెక్క జారిందంటే తిప్పుకోవడానికి కింద ఎత్తు ఉండదు. ఇలాంటి యాక్సిడెంట్లు వరసగా జరిగితే 2009లో అమెరికా విమానయాన శాఖ ఎఫ్ఏఏ లాన్సెయిర్ల స్టాల్ (ఇట్లా వేగం తగ్గి రెక్క పట్టు పోవడం) గురించి, ట్రైనింగ్ గురించి ప్రత్యేకంగా హెచ్చరిక పత్రమే ఇచ్చింది. ఫైనల్‌లో, అంటే రన్‌వేకి ఎదురుగా దిగేటప్పుడు, 100 నాట్ల చుట్టూ వస్తారు. 172లో ఆ వేగం క్రూయిజ్‌కి, అంటే పైన నిలకడగా పోయే వేగానికి, దగ్గర.

నా మాట: వద్దు. ఆర్‌వీ-10 కట్టుకోమనండి. నాలుగు సీట్లు, అల్యూమినియం, ప్రెషర్ లేదు, సాధు విమానం.

ఒరెగాన్_ఒంగోలు
పెన్నా గారూ, మీరు చెప్పిన లెక్క నిజం. "వద్దు" మాత్రం నేను ఒప్పుకోను. లోబో అని లాన్సెయిర్ ఓనర్లు, బిల్డర్లు కలిసి సంఘం పెట్టుకున్నారు. ట్రైనింగ్ సిలబస్ వాళ్లే తయారు చేశారు. ఈ విమానం తెలిసిన ఇన్‌స్ట్రక్టరు పక్కన కూర్చుని నేర్పితే నడుపుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. కట్టడానికి ఎలాగూ ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో అన్న ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనపడకపోయినా మీటర్లు చూసి నడిపే అర్హత) తీసుకుని, బొనాంజా లాంటి చక్రాలు ముడిచే విమానంలో గంటలు పోగేసుకోవాలి. కట్టే పని, నేర్చుకునే పని పక్కపక్కనే సాగాలి. చాలామంది గ్యారేజీలో ఏళ్ల తరబడి గీకుతూ కూర్చుని, విమానం నడపడమే మర్చిపోయి, మొదటి ఎగురుడు వాళ్లే చేస్తారు. అదీ ప్రాణం తీసేది.

పెన్నా_పైలట్
ఆ చివరి మాటకి నా ఓటు కూడా. కానీ ఏళ్ల తరబడి ఆ క్రమశిక్షణ ఎంతమందికి ఉంటుంది? రూలు మంచిదే, మనిషి అలిసిపోతాడు.

కందుకూరు_కాగితాలు
లాయర్ని. కావలికి తెస్తే వచ్చే చట్టం చిక్కుల గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి చెప్తున్నా.

మన దేశంలో ఇంట్లో కట్టిన విమానం ఎగరడం అసాధ్యం కాదు, బహు కష్టం. అమోల్ యాదవ్ గారు ముంబైలో మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టారు. ఆయన స్వయంగా ఎయిర్‌లైన్ పైలట్. 2016లో మేకిన్ ఇండియా ప్రదర్శనలో పెట్టి దేశమంతా చూసింది. అయినా మన విమానయాన శాఖ డీజీసీఏ రిజిస్ట్రేషన్ వచ్చింది 2017లో, ఎగరడానికి పర్మిట్ వచ్చింది 2019లో. అంతకు ముందు ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగారు. అంత పట్టుదల సతీష్‌కి ఉంటే సంతోషమే.

అమెరికాలో దారి వేరు. ఎక్కువ భాగం అమెచ్యూర్లు చదువు కోసమో, సరదా కోసమో కట్టారని రుజువు చూపిస్తే ఎక్స్‌పెరిమెంటల్ సర్టిఫికెట్ ఇస్తారు. జనం 51 శాతం రూలు అంటారు. ముందాయన చేసిన పని కూడా అమెచ్యూర్ పనిగానే లెక్కకొస్తుంది, కానీ ఆయన బిల్డర్ లాగ్ (చేసిన పని రాసుకున్న పుస్తకం), ఫొటోలు చేతికి రావాలి. అవి లేకుండా రూపాయి ఇవ్వొద్దు. డబ్బులిచ్చి షెడ్డులో కూలోళ్లతో కట్టిస్తే ఆ లెక్క చెడుతుంది. "ఈడ పనోళ్లుండారు" అన్నావు చూడు సతీష్, దెబ్బ అక్కడే తగులుతుంది.

కావలి_సతీష్
ఇది నాకు ఎవురూ చెప్పలేదు. అంటే నా షెడ్డు బలం అనుకున్నదే అడ్డమా!

కందుకూరు_కాగితాలు
నువ్వూ అన్నా చేతులారా చేస్తే అడ్డం కాదు. జీతగాళ్లు చేస్తే అడ్డం. ఇంకోటి, అక్కడ కట్టి, అక్కడి నంబరుతో ఇక్కడికి ఎగరేసుకొస్తాం అనుకున్నా, ఎక్స్‌పెరిమెంటల్ సర్టిఫికెట్‌ని వేరే దేశాలు తమంతట తాము గుర్తించవు. దారిలో ప్రతి దేశం దగ్గరా విడిగా అనుమతి కావాలి.

మైపాడు_స్టూడెంట్
కేరళ ఆయన అశోక్ ఇంగ్లండులో స్లింగ్ టీఎస్ఐ కిట్టు విమానం కట్టి కుటుంబంతో యూరప్ తిరిగారు కదా, 2022లో వార్తల్లో వచ్చింది. అది కూడా నాలుగు సీట్లే.

పెన్నా_పైలట్
నేను చెప్పేదీ అదే. దాంట్లో రోటాక్స్ ఇంజను, 141 హార్స్‌పవర్, ప్రెషర్ లేదు, పిల్లల్ని ఎక్కించుకుని మెల్లగా పోయేది. మొదటి కిట్టు అలాంటిదై ఉండాలి.

శింగరాయకొండ_శీను
డీజీసీఏ పర్మిషన్ వస్తే దిగడానికి చోటు నేను చూపిస్తా. మా ఊరి హైవే మీదే ఎమర్జెన్సీ రన్‌వే ఉందిగా.

రన్‌వే_09
అది వైమానిక దళం కోసం శీనూ. అటు కొరిశపాడు దగ్గర 2022 డిసెంబరులో, మళ్లీ 2024 మార్చిలో ట్రయల్ చేసినప్పుడు హైవే మీద బండ్లన్నీ మళ్లించారు. 2024లో ఏఎన్-32, డోర్నియర్ విమానాలు దిగి లేచినయ్యి. ఆ రోజు నేను పోయి చూశా, ఒళ్లు పులకరించింది. మనం దిగుతామంటే హైవే ఆపరు.

దొనకొండలో బ్రిటిష్ కాలం ఎయిర్‌ఫీల్డ్ ఉంది, వాడకంలో లేదు. దగదర్తి ఎయిర్‌పోర్టు మాట ఎన్నేళ్లుగానో వింటన్నాం. సతీష్‌కి అసలు దిక్కు రేణిగుంట ఎయిర్‌పోర్టే. కింద శ్రీహరికోట షార్ పక్కనే, రాకెట్ లాంచి ఉన్నప్పుడు ఆ ఆకాశం మూసేస్తారు, అదీ చూసుకోవాలి.

ఉలవపాడు_తోట
కావలి నుంచి రేణిగుంటకి కారులో మూడు గంటలు. ఆడి నుంచి హైదరాబాదుకి విమానంలో ముప్పావు గంట. సింహపురే మేలు కదబ్బా.

కావలి_సతీష్
తోట అన్నా, హైదరాబాదు పోవడానికి కాదు. చిన్నప్పుడు షార్ రాకెట్ పోతుంటే మిద్దె మీద నుంచి మా నాయన మమ్మల్నిద్దర్నీ భుజాన ఎక్కించుకుని చూపించేవాడు. అన్నా నేనూ కలిసి ఒక ఎగిరే వస్తువు చెయ్యాలని అప్పటి నుంచీ ఉండాది. ఇంతకు మించి నా దగ్గర కారణం లేదు.

ఉలవపాడు_తోట
ఆ మాట ముందే చెప్పాల్సింది. ఇంక తోట ఊసెత్తను.

ఒరెగాన్_ఒంగోలు
డ్యూటీ అయిపోయింది. పొద్దున ఆపిన దగ్గర నుంచి రాస్తా.

క్యాబినుకి గాలి ఎక్కడి నుంచి వస్తుందంటే, ఇంజను టర్బో నొక్కిన గాలిలో కొంత పక్కకి లాగి, సన్నటి సోనిక్ నాజిల్ గుండా పంపుతారు. దానివల్ల ఇంజనుకి పోయే గాలి మరీ తగ్గదు. టర్బోలోంచి వచ్చే గాలి మరిగిపోతుంటుంది కాబట్టి మధ్యలో కూలరు. వెనక గోడలో అవుట్‌ఫ్లో వాల్వు ఉంటుంది, లోపలి ఒత్తిడిని పట్టి ఉంచేది అదే. అది ఇరుక్కుంటే ఒత్తిడి వదిలెయ్యడానికి పక్కనే సేఫ్టీ వాల్వు. తలుపు చుట్టూ గాలి నింపే సీలు. ఇంజను గాలి లోపలికి వస్తోంది కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి.

సీలింగ్ పనే ఓపిక పరీక్ష. కంట్రోల్ రాడ్లు, వైర్లు, పైపులు గోడ దాటే ప్రతి చోటా లీకు ఉంటుంది. నేలమీద బ్లోయరుతో కొద్ది కొద్దిగా గాలి నింపి, సబ్బు నీళ్లు పూసి, సైకిల్ షాపులో ట్యూబు నీళ్లల్లో ముంచి బుడగ చూసినట్టు ఒక్కో బుడగా పట్టుకోవాలి. ఒక మిత్రుడి 4-పి దగ్గర నేను సాయం చేశా. వైర్ల కట్ట లోపల, తీగకీ తీగకీ మధ్య నుంచి కూడా గాలి కారింది! ఆ పరీక్షప్పుడు బాడీ లోపల గానీ, తలుపు ముందు గానీ మనిషి ఉండకూడదు. రన్‌వే గారు చెప్పిన రెండు టన్నులు గుర్తుంచుకోండి.

కిటికీలు ఇంకా బిగించలేదన్నావు, మంచిదైంది. అవి యాక్రిలిక్. అసిటోన్ లాంటి సాల్వెంట్ చుక్క తగిలితే సన్నటి పగుళ్లు వస్తాయి. వాటిని పారేసి కొత్తవి వెయ్యాలి.

పూర్తయ్యాక ఎఫ్ఏఏ టెస్ట్ ఫేజ్ ఉంటుంది. సర్టిఫై అయిన ఇంజను, ప్రొపెల్లరు జోడీ అయితే మామూలుగా 25 గంటలు, కాకపోతే 40. అప్పటిదాకా ప్యాసింజర్లు ఎక్కకూడదు.

రన్‌వే_09
ఇంజను ఎవరి చేతిలో పడతదో అది కూడా చూసుకోండి. ఈ ఇంజను సిలిండర్ల వేడి మీద నిఘా పెట్టకుండా నడిపితే ఓవర్‌హాల్ దాకా రాదు.

కావలి_సతీష్
కంటెయినర్ మాట వదిలేస్తుండా. ఆడే కడతాం, నేను సెలవులకి పోయినప్పుడల్లా అన్న పక్కన ఉంటా. ఈ ఆదివారం అన్న కిట్టు చూడ్డానికి పోతుండాడు. ఏమేం చూడమనాలి?

జువ్వలదిన్నె_ఫైబర్
ఒక రూపాయి బిళ్ల తీసుకుని బాడీ అంతా, రెక్కలంతా బెత్తెడు బెత్తెడుకీ తట్టమను. గట్టిగా ఉన్న చోట టింగుమంటాది. పొర ఊడిన చోట మొద్దు శబ్దం వస్తాది. మొద్దు వచ్చిన ప్రతిచోటా టేపు అంటించి ఫొటో తియ్యమను. అతుకు ఉన్న గీత వెంబడి రెండుసార్లు తట్టాలి.

ఒరెగాన్_ఒంగోలు
బిళ్లతో అన్న తట్టడం మంచిదే, కానీ దాని మీదే డబ్బులివ్వొద్దు. లాన్సెయిర్లు కట్టిన మనిషిని డబ్బిచ్చి తీసుకుపొమ్మను. జిగురు కలిపిన రోజు, షెడ్డులో వేడి ఎంత, ఏ బ్యాచ్ హైసాల్ (ఆ జిగురు పేరు) అన్నది ఆ పెద్దాయన రాసి ఉంటే బంగారం. రెక్కల లోపలికి బోరోస్కోప్ (సన్న గొట్టం కెమెరా) దూర్చి అతుకుల్లో జిగురు బయటికి పొంగిందా లేదా చూడాలి. ఏ ఊరో నాకు మెసేజ్ పెట్టు, దగ్గరైతే నేనే వెళ్తా.

పెన్నా_పైలట్
నా అభిప్రాయం మారలేదు, ఆర్‌వీ-10. అయినా కొంటే, కిట్టు డబ్బు కట్టిన రోజే ట్రైనింగ్ డబ్బు కూడా విడిగా తీసి పెట్టమనండి. చివర్లో మిగిలితే చూద్దాం అంటే మిగలదు.

దర్శి_డాక్టరమ్మ
అన్న వయసెంత? మెడికల్ ఎప్పుడు చేయించుకున్నారు?

కావలి_సతీష్
48 డాక్టరమ్మా. మెడికల్ పోయిన నెలే అయింది. @ఒరెగాన్_ఒంగోలు, మెసేజ్ పెట్టా, చూడండి. రూపాయి బిళ్ల అన్న దగ్గర లేదంట, ఆడి క్వార్టరు డాలరు బిళ్ల పనికొస్తాదా?

జువ్వలదిన్నె_ఫైబర్
పనికొస్తాది. అంచు పదునుగా ఉండకూడదు, అంతే. ఫొటోలు ఈడే పెట్టు.